పెయింట్ మీద సన్న గీతలు: ఆటోమేటిక్ కార్ వాష్ వల్లేనా? చేత్తో కడుక్కోవడమే మేలా?

నల్లబండి
కారు నలుపు. కొన్న కొత్తలో బానెట్‌లో నా ముఖం స్పష్టంగా కనిపించేది. ఇప్పుడు ఎండలో పెట్టి చూస్తే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్న గీతలు. నీడలోకి తెస్తే ఏమీ కనిపించవు. పెట్రోలు కొట్టించినప్పుడల్లా పక్కనే ఉన్న బ్రష్‌ల మెషీన్‌లో కడిగిస్తుంటాను. మా బావగారేమో "ఆ బ్రష్‌లే నీ పెయింట్‌ని తినేశాయి, ఇంటి దగ్గర చేత్తో కడుక్కో" అంటారు. వాష్ దగ్గర పనిచేసేవాళ్లని అడిగితే "మావి మెత్తని బ్రష్‌లు సార్, వాటివల్ల కాదు" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? చేత్తో కడగాలంటే నాకు టైమే సమస్య. నిజంగా తేడా ఉందంటే మాత్రం కష్టపడతాను.

గేర్6
మీ బావగారిదే రైట్. మీ ముందు వెళ్లిన బండి బురదంతా ఆ బ్రష్‌లకి పట్టి ఉంటుంది. దాన్నే తెచ్చి మీ బండికి రుద్దుతాయి.

పాతకాపు
అన్ని బ్రష్‌లనీ ఒకే గాటన కట్టేస్తే ఎలా గేర్6? పాత మెషీన్లలో గట్టి ప్లాస్టిక్ కుచ్చులుండేవి, అవి గీసేవి, అందులో అనుమానం లేదు. ఇప్పుడు చాలాచోట్ల ఫోమ్ పట్టీలో, బట్ట పట్టీలో వాడుతున్నారు. ఆ ఫోమ్ స్పాంజ్ లాంటిది కాదు. నీళ్లు పీల్చదు, కాబట్టి ఇసుక కూడా లోపలికి అంతగా ఎక్కదు. నల్లబండి గారూ, మీరు వెళ్లేచోట ఏ రకం? బండి కదులుతుందా, మెషీన్ కదులుతుందా?

నల్లబండి
నీలం రంగు పట్టీలు. ముట్టుకుంటే మెత్తగానే ఉన్నాయి. బండి నిలబడే ఉంటుంది, మెషీనే ముందుకీ వెనక్కీ నడుస్తుంది.

పాతకాపు
బ్రష్ దిగేముందు ప్రెషర్‌తో నీళ్లు కొడుతుందా?

నల్లబండి
పెద్ద ప్రోగ్రామ్‌లో కొడుతుందట. నేను తీసుకునేది చిన్నది. షాంపూ చల్లి నేరుగా బ్రష్ దించేస్తుంది.

పాతకాపు
దొంగ దొరికాడు. మెషీన్‌ది ఎంత తప్పో ఆ చిన్న ప్రోగ్రామ్‌దీ అంతే.

మైక్రాన్‌మీటర్
నేను పెయింట్ కరెక్షన్ పని చేస్తాను, రోజూ ఈ గీతలతోనే నా బతుకు. కాస్త వివరంగా చెబుతాను.

కంపెనీ పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. అందులో పైన ఉండే రంగు లేని పొర, అంటే క్లియర్ కోట్, 35 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే మీ కారు మెరుపంతా వెంట్రుకకంటే సన్నని పొరలో ఉంది. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువు ఆ పొరకంటే చాలా గట్టిది. దాన్ని పెయింట్ మీద ఏది రుద్దినా గీత పడుతుంది. బ్రష్ రుద్దిందా, మన చెయ్యి రుద్దిందా అన్నది ఇసుకకి అనవసరం.

ఇంకో మాట. గీతలు గుండ్రంగా కనిపిస్తున్నాయి కాబట్టి గుండ్రంగా తిరిగే బ్రష్‌వల్లే పడ్డాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి. వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి కంటికి కనిపిస్తాయి, అందుకే వెలుగు చుట్టూ వలయంలా అనిపిస్తుంది. ఫోన్ టార్చ్ పట్టుకుని పక్కకి జరపండి, ఆ వలయం కూడా టార్చ్‌తోపాటే జరుగుతుంది.

మెషీన్ గీతని గుర్తుపట్టాలంటే వేరే చోట చూడాలి. తలుపుల పక్క బ్రష్‌లు నిలువుగా నిలబడి తిరుగుతాయి, కాబట్టి వాటివల్ల పడే గీతలు తలుపుల మీద అడ్డంగా, పొడవుగా, ఒకదానికొకటి సమాంతరంగా సాగుతాయి. చేతి గీతలు పొట్టిగా, వంకరగా, ఎటుపడితే అటు ఉంటాయి. రాత్రిపూట టార్చ్ వేసి చూసి చెప్పండి.

రెండుషిఫ్టులు
ఇంత చర్చ అవసరమా అనిపిస్తుంది నాకు. కారు తిరగడానికి కొన్నాం. గీతలవల్ల ఇంజన్ ఆగదు, బ్రేకు పడకుండా పోదు. నేను మెషీన్‌లోనే కడిగిస్తా, లోపల కూర్చుని కాసేపు కళ్లు మూసుకుంటా. వారంలో నాకు దొరికే ప్రశాంతత అదే.

చిన్నూవాళ్ల_అమ్మ
రెండుషిఫ్టులు గారూ, మా చిన్నూ పక్కన కూర్చుంటే మీకు ఆ ప్రశాంతత కూడా దొరకదు. నురగ అద్దం మీద పడగానే వేసే కేకలు మెషీన్ మోతని మించిపోతాయి. వాడికోసమైనా నేను మెషీన్ మానను.

గేర్6
రెండుషిఫ్టులు గారూ, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు ముందు చూసేది పెయింటే. ఇంజన్ తర్వాత.

రెండుషిఫ్టులు
అమ్మేముందు ఒకసారి పాలిష్ చేయిస్తే సరిపోదా?

మైక్రాన్‌మీటర్
ఒకసారి సరిపోతుంది, ప్రతిసారీ అయితే కష్టం. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అరగదీయడం. మామూలుగా రెండు మూడు మైక్రాన్లు పోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగుని కాపాడే పదార్థం ఆ పొరలోనే ఉంటుంది. మరీ పల్చబడితే కొన్నేళ్లకి క్లియర్ కోట్ తెల్లగా పొలుసులు లేచి ఊడిపోతుంది. అప్పుడిక పాలిష్‌తో అయ్యే పని కాదు, మళ్లీ పెయింట్ వేయించాల్సిందే.

కొన్ని చోట్ల నూనె, మైనం లాంటి ఫిల్లర్లున్న పాలిష్ పూసి ఇచ్చేస్తారు. ఆ రోజుకి గీతలు మాయం. నాలుగైదు వాష్‌లు పడ్డాక మళ్లీ అన్నీ బయటికి వస్తాయి. పాలిష్ చేయించేవాళ్లు "గీత తీశారా, కప్పారా" అని తప్పకుండా అడగాలి.

నురగరాయుడు
అసలు ఏదీ తగలకుండా కడిగే టచ్‌లెస్ మెషీన్లు ఉండగా ఈ గొడవెందుకు? ప్రెషర్ నీళ్లు, కెమికల్, అంతే. బ్రష్ లేదు, గీత లేదు.

పాతకాపు
గీత ఉండదు, నిజమే. మట్టి మాత్రం కొంత ఉండిపోతుంది. టచ్‌లెస్ నుంచి బయటికి వచ్చాక తలుపు కింది భాగాన వేలితో రాసి చూడు నురగరాయుడూ, వేలికి బూడిదరంగు అంటుతుంది. రోడ్డు మీద పొగ, టైర్ల రబ్బరు, నూనె జిడ్డు కలిసి పట్టే పొర అది. ఏదో ఒకటి తగిలి రుద్దితే తప్ప పూర్తిగా వదలదు.

నురగరాయుడు
చూశా. కింద కొంచెం అంటింది. కానీ నాలుగడుగుల దూరం నుంచి తళతళలాడుతోంది, నాకది చాలు.

మైక్రాన్‌మీటర్
పాతకాపు గారు చెప్పింది కరెక్ట్. రుద్దుడు లేని లోటుని కెమికల్‌తో పూడుస్తారు కాబట్టి టచ్‌లెస్‌లో క్షారం ఎక్కువున్న ద్రావణాలు వాడతారు, కొన్నిటిలో ఆమ్లం కూడా. మీరు బండికి మైనం (వ్యాక్స్) పూసి ఉంటే అది త్వరగా పోతుంది. అయినా బ్రష్‌కీ టచ్‌లెస్‌కీ మధ్య ఎంచుకోమంటే నల్ల కారుకి నేను టచ్‌లెస్సే చెబుతా. మైనం మళ్లీ పూసుకోవచ్చు, పోయిన క్లియర్ కోట్ తిరిగి రాదు.

ఛార్జింగ్‌పాయింట్
కన్వేయర్ మీద బండిని లాక్కెళ్లే రకానికి వెళ్లేవాళ్లు ఇంకొకటి చూసుకోండి. న్యూట్రల్‌లో పెట్టినా కొన్ని కొత్త బండ్లు డ్రైవర్ సీటు బెల్టు తీసినా, తలుపు తెరిచినా వాటంతటవే పార్క్‌లోకి వెళ్లిపోతాయి. బండి ఆగగానే బ్రేకుని దానంతటదే పట్టి ఉంచే ఆటో హోల్డ్‌ని ఆఫ్ చేయాలి. వాన పడితే వాటంతటవే తిరిగే వైపర్లుంటే అవీ ఆఫ్ చేయాలి, లేకపోతే బ్రష్ దిగే సమయానికి వైపర్ లేస్తుంది. కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో దీనికోసం కార్ వాష్ మోడ్ అని మెనూలోనే ఉంటుంది. అద్దాలు మూసి, ఛార్జింగ్ మూత లాక్ చేసి, వైపర్లు ఆపేస్తుంది. మాన్యువల్‌లో వెతికితే దొరుకుతుంది.

చిన్నూవాళ్ల_అమ్మ
థాంక్యూ ఛార్జింగ్‌పాయింట్ గారూ. మా బండిలో ఆ మోడ్ ఉందని ఇప్పుడే తెలిసింది.

నల్లబండి
రాత్రి టార్చ్ వేసి చూశా. మైక్రాన్‌మీటర్ గారు చెప్పినట్టే తలుపుల మీద పొడుగు గీతలున్నాయి, కానీ తక్కువే. బానెట్, రూఫ్ మీద మాత్రం అన్నీ పొట్టివి, వంకరవి. అవే ఎక్కువ. నేనెప్పుడూ చేత్తో కడగలేదే, మరి ఇవెక్కడివి?

బకెట్‌రాణి
మెషీన్ అయిపోయాక ఎవరైనా టవల్‌తో తుడుస్తారా?

నల్లబండి
తుడుస్తారు. బయట ఇద్దరు నిలబడి ఉంటారు. వచ్చిన ప్రతి బండినీ అదే టవల్‌తో తుడిచి, పిండి, భుజాన వేసుకుంటారు.

బకెట్‌రాణి
బానెట్ గీతలకి సమాధానం అదే. ముందు వెళ్లిన బండి చక్రం తుడిచిన టవల్ మీ బానెట్ మీద పడి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా డిస్క్ నుంచి సన్న ఇనుప పొడి రాలి చక్రానికి పడుతుంది, దాన్ని పెయింట్‌కి రాస్తే ఇంకేం కావాలి.

గేర్6
అంటే ఆటోమేటిక్ వాష్‌లో ఎక్కువ గీతలు పెట్టింది చెయ్యి అన్నమాట! నా వాదన కాస్త మార్చుకోవాలి.

పాతకాపు
రేపట్నుంచి "తుడవొద్దు, నేనే తుడుచుకుంటా" అని చెప్పండి. వాళ్లకీ ఒక బండి పని తగ్గుతుంది.

నీటిచుక్క
గీతల సంగతి సరే, నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. పైపు పూర్తిగా తిప్పితే నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు పోతాయి. పైపు అలా వదిలేసి అరగంట కడిగితే 450 నుంచి 600 లీటర్లు. మంచి కార్ వాష్‌లలో వాడిన నీళ్లని వడగట్టి మళ్లీ వాడతారు. పైగా అక్కడ మట్టి దిగే తొట్టి, నూనె వేరుచేసే తొట్టి ఉంటాయి. ఇంటి ముందు కడిగితే ఆ నూనె, ఇనుప పొడి, షాంపూ అన్నీ వాన నీటి కాలువలో పడి నేరుగా చెరువుకో వాగుకో పోతాయి. చేత్తో కడగమని సలహా ఇచ్చేవాళ్లు ఇది కూడా ఆలోచించాలి.

బకెట్‌రాణి
పైపు వదిలేసి కడిగేవాళ్ల లెక్క అది. నేను రెండు బకెట్లతో కడుగుతా. ఇంట్లో వాడే చిన్న ప్రెషర్ వాషర్ నిమిషానికి ఆరేడు లీటర్లే తీసుకుంటుంది, అదీ ట్రిగ్గర్ నొక్కినప్పుడే. కాలువ విషయంలో మాత్రం మీతో వాదించను. నేను నీళ్లు ఇంకే నేల మీద పెట్టి కడుగుతా.

నీటిచుక్క
నేల మీద అయితే నూనె నేలలోకే దిగుతుంది కదా. మురుగు లైన్‌కి కలిసిన చోట కడగడం దానికంటే మేలు.

బకెట్‌రాణి
అది మంచి పాయింట్. నేనూ చోటు మారుస్తా.

నల్లబండి
బకెట్‌రాణి గారూ, ఆ రెండు బకెట్ల పద్ధతి పూర్తిగా చెబుతారా? టవల్ విషయం తెలిశాక సెలవు రోజు నేనే కడగాలని ఉంది.

బకెట్‌రాణి
తప్పకుండా. బండిని నీడలో పెట్టండి, బానెట్ చల్లారాలి. వేడి రేకు మీద షాంపూ ఎండిపోతే మరకలు పడతాయి. చక్రాలు ముందు కడిగేయండి, వాటికి వేరే బకెట్, వేరే బ్రష్. చక్రాల గుడ్డ పెయింట్ దరిదాపుల్లోకి రాకూడదు.

తర్వాత అసలు పని, చాలామంది వదిలేసేది ఇదే: బండిని ముట్టుకోకముందే వీలైనంత మట్టి నీళ్లతో పోగొట్టాలి. నురగ గన్ ఉంటే నురగ కొట్టి ఐదు నిమిషాలు వదలండి, ఆరిపోనివ్వకండి. నురగతోపాటు మట్టి కిందికి జారుతుంది. కడిగేయండి. ఇప్పుడు మాత్రమే చెయ్యి వేయాలి.

ఒక బకెట్‌లో కారు షాంపూ, ఇంకో దానిలో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ మిట్‌ని, అంటే చేతికి తొడుక్కునే మెత్తని సంచిని, షాంపూలో ముంచి ఒక భాగం తుడవడం, ఉత్త నీళ్లలో జాడించడం, మళ్లీ షాంపూలో ముంచడం. రూఫ్ నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, బంపర్లు, తలుపుల అడుగు చివర్న. గట్టిగా నొక్కొద్దు, గుండ్రంగా తిప్పొద్దు, మిట్ బరువు చాలు. మిట్ నేల మీద పడితే ఆ రోజుకి దాన్ని పక్కన పడేయండి, ఎంత జాడించినా నమ్మలేం. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, అది జిడ్డుతోపాటు మైనాన్నీ లాగేస్తుంది.

ఆరబెట్టేటప్పుడు పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ని బానెట్ మీద పరిచి మెల్లగా లాగండి, రుద్దకండి. ఆ టవళ్లు ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడే కండిషనర్ వేయొద్దు. పోగులు మూసుకుపోయి నీళ్లు పీల్చడం మానేస్తాయి.

పాతకాపు
అంతా ఒప్పుకుంటా, రెండు బకెట్లు తప్ప. నేను ఒకే బకెట్‌లో ఎనిమిదో పదో చిన్న మైక్రోఫైబర్ గుడ్డలు నానబెడతా. ఒక్కో భాగానికి ఒక గుడ్డ. ఒకసారి వాడింది మళ్లీ బకెట్‌లోకి వెళ్లదు. జాడించే పనే లేనప్పుడు మట్టి తిరిగొచ్చే దారేది?

బకెట్‌రాణి
ఆ గుడ్డలన్నీ ఎవరు ఉతుకుతారు పాతకాపు గారూ?

పాతకాపు
వాషింగ్ మెషీన్. బండికి వద్దన్న మెషీన్ గుడ్డలకి వద్దంటామా!

ఐదోఅంతస్తు
మాది అపార్ట్‌మెంట్. పార్కింగ్‌లో కుళాయి లేదు, నీళ్లు పారించడానికి ఒప్పుకోరు. ఈ నురగ గన్‌లు, పైపులు మాకు కుదరవు. మాలాంటివాళ్లకి మెషీనే గతి కదా?

మైక్రాన్‌మీటర్
రిన్స్‌లెస్ వాష్ అని దొరుకుతుంది, చూడండి. ఒక బకెట్ నీళ్లలో కొంచెం కలిపితే చాలు, మళ్లీ నీళ్లతో కడగక్కర్లేదు. అందులోని పాలిమర్లు దుమ్ముని చుట్టుకుని జారిపోయేలా చేస్తాయి. పాతకాపు గారి గుడ్డల పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది.

గేర్6
కడగకుండా తడిగుడ్డతో తుడవడమా? గీతలకి మూలం అదే అని పొద్దుట్నుంచి చెప్పుకుంటున్నాం కదా.

మైక్రాన్‌మీటర్
ఉత్త తడిగుడ్డ వేరు, ఇది వేరు. అయితే హద్దు ఉంది. పల్చటి దుమ్ముకి మాత్రమే ఇది. బురద గడ్డకట్టి ఉంటే ముందు ప్రెషర్ నీళ్లతో పోగొట్టాల్సిందే. ఐదోఅంతస్తు గారు అలాంటప్పుడు టచ్‌లెస్‌లో ఒకసారి కొట్టించుకుని, ఇంటికొచ్చి రిన్స్‌లెస్‌తో తుడుచుకుంటే రెండూ కలిసొస్తాయి. అన్నిటికంటే ప్రమాదం ఏమిటో తెలుసా? రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులపడం. అది చేసేవాళ్ల బండ్లని నేను దూరం నుంచే గుర్తుపడతా.

ఉప్పుగాలి
నాది సముద్రం పక్క ఊరు. గీతలు పడతాయని, టైమ్ లేదని బండిని కడగకుండా పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఉప్పు కింది రేకులకి పట్టి తుప్పు పెడుతుంది, అది గీతలకంటే పెద్ద నష్టం. చేత్తో కడిగేవాళ్లలో ఎంతమంది బండి కింద కడుగుతారు? కొన్ని మెషీన్లలో అడుగుభాగం కడిగే నాజిల్స్ ఉంటాయి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల ఉండేవాళ్లకీ ఇదే మాట. పక్షి రెట్ట కూడా అంతే. అందులో ఆమ్లం ఉంటుంది, ఎండలో వదిలేస్తే క్లియర్ కోట్ మీద గుంట పడుతుంది. వాష్ రోజు దాకా ఆగకుండా తడిపి నానబెట్టి అప్పుడే తీసేయాలి.

రెండుషిఫ్టులు
ఇది నాలాంటివాళ్లకి నచ్చే మాట. మురికిగా ఉంచేకంటే మెషీన్ మేలు.

గేర్6
సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఈ గొడవంతా పోదా? గీతలు పడవంటున్నారు.

మైక్రాన్‌మీటర్
అలా చెప్పి అమ్మడం నాకు కోపం తెప్పించే విషయం. సిరామిక్ కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లు. నీళ్లు నిలవవు, మట్టి తేలిగ్గా వదులుతుంది, కడగడం సులువవుతుంది. అంతవరకు మంచిదే. ఇసుక పెట్టి రుద్దితే దాని మీదా గీతలు పడతాయి. గీతలు ఆపేది పీపీఎఫ్, అంటే పెయింట్ మీద అంటించే పారదర్శకమైన ఫిల్మ్, అది 150 నుంచి 200 మైక్రాన్ల మందం. ఎండ వేడికి సన్న గీతలు దానంతటదే పూడ్చుకునే రకాలున్నాయి. ఫిల్మ్ ఉన్నవాళ్లు ప్రెషర్ గన్‌ని అంచుల దగ్గర పెట్టొద్దు, ఒక అడుగు దూరం ఉండాలి.

మ్యాట్ పెయింట్ ఉన్నవాళ్లు బ్రష్ మెషీన్ వైపు వెళ్లనే వద్దు. దాన్ని పాలిష్ చేయలేం, చేస్తే ఆ చోట మెరుపు వచ్చి మచ్చలా కనిపిస్తుంది.

చిన్నూవాళ్ల_అమ్మ
బంపర్‌కి ఈమధ్యే పెయింట్ వేయించాం. మెషీన్‌లోకి తీసుకెళ్లొచ్చా?

మైక్రాన్‌మీటర్
కొన్ని వారాలు ఆగండి. ఫ్యాక్టరీలో పెయింట్‌ని 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. రిపేర్ షాపులో ప్లాస్టిక్, వైర్లు అన్నీ బండికే ఉంటాయి కాబట్టి 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. పూర్తిగా గట్టిపడటానికి టైమ్ పడుతుంది. ఈలోపు ఉత్త నీళ్లతో కడగండి, మైనం పూయొద్దు. ఎన్నాళ్లన్నది పెయింట్ వేసినవాళ్లనే అడగండి.

చిన్నూవాళ్ల_అమ్మ
చిన్నూకి ఈ వార్త ఎలా చెప్పాలో ఏమో.

నల్లబండి
నేను అనుకున్నది చెబుతా, తప్పుంటే ఆపండి. వారం మధ్యలో టచ్‌లెస్, టవల్ వద్దని చెప్పేస్తా. సెలవు దొరికినప్పుడు బకెట్‌రాణి గారి పద్ధతి. ఉన్న గీతలకి వెంటనే పాలిష్ చేయించనా?

మైక్రాన్‌మీటర్
ఆగండి. ముందు కడిగే పద్ధతి కుదురుకోనివ్వండి, లేకపోతే పాలిష్ చేసిన నెలకే మళ్లీ గీతలు పడి అనవసరంగా ఇంకోసారి అరగదీయాలి. చేయించేటప్పుడు మీటర్ పెట్టి మందం కొలవమనండి. తలుపుల అంచులు, బానెట్ మడతల దగ్గర పెయింట్ మామూలుగానే పల్చగా ఉంటుంది.

ఐదోఅంతస్తు
ఒక్క చిన్న డౌట్. ముందు అద్దం మీద నీటి చుక్కల మచ్చలు ఏ షాంపూకీ పోవట్లేదు.

పాతకాపు
అది కఠినజలం వదిలిన సున్నం. నీళ్లు ఆవిరైపోయి కాల్షియం, మెగ్నీషియం మిగిలిపోతాయి, షాంపూకి అవి కరగవు. తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి గుడ్డ తడిపి మచ్చ మీద రెండు నిమిషాలు ఉంచండి, తర్వాత బాగా కడిగేయండి. పెయింట్ మీద కారనివ్వకండి. అప్పటికీ పోకపోతే అద్దం గరుకెక్కినట్టు, దానికి గ్లాస్ పాలిష్ కావాలి.

ఐదోఅంతస్తు
సాయంత్రం చేసి చూసి చెబుతా.